రాతినార జబ్బులకు పరిహారం: పాత పనిని లెక్కగట్టే తీరు మారాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. విజయవాడలో ఒక కార్మిక సంఘ కార్యాలయంలో ముప్పై ఏళ్లకు పైగా కార్మికుల అర్జీలు, పరిహారపు దరఖాస్తులు రాసిపెట్టి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి. పని మానుకున్నా పాత పరిచయాల కొద్దీ ఎవరో ఒకరు కాగితాల సంచీ పట్టుకొని ఇంటికి వస్తూనే ఉంటారు. అలా వచ్చిన ఒక దరఖాస్తు గురించి, దానితోపాటు రాతినార దుమ్ము పీల్చి జబ్బుపడిన కార్మికుల పాత పనిని మన కార్యాలయాలు లెక్కగట్టే తీరు గురించి మీ పత్రిక పాఠకులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. రాతినార అంటే చాలామందికి వెంటనే తట్టకపోవచ్చు. ఆస్బెస్టాస్ అంటే, ఇంకా చెప్పాలంటే సిమెంట్ రేకు అంటే, బెజవాడ ఎండల్లో ఆ రేకుల కింద కాపురం చేసిన ప్రతివారికీ తెలుస్తుంది.

ఆ దరఖాస్తు ఒక పెద్దావిడది. ఆవిడ భర్త సిమెంట్ రేకులు, గొట్టాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో 1980లో చేరి, 1998లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకొని బయటికి వచ్చారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బాగానే తిరిగారు. 2018లో పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం మొదలయ్యాయి. కఫంలో క్రిములు కనబడకపోయినా ఆరు నెలలు టీబీ మందులు వాడించారు. గుణం కనిపించక తీయించిన సీటీ స్కాన్‌లో, ఊపిరితిత్తులను కప్పి ఉండే పొర అక్కడక్కడా మందమై సున్నపు పెళ్లలు కట్టినట్టు, కుడివైపు ఒక గడ్డ ఉన్నట్టు తేలింది. ముక్క తీసి పరీక్షిస్తే అది క్యాన్సర్ అని 2019లో నిర్ధారణ అయింది. 2021లో ఆయన పోయారు. ఆవిడ పెట్టుకున్న పరిహారపు దరఖాస్తుకు యాజమాన్యం ఇచ్చిన జవాబులో మూడే మాటలున్నాయి. సర్వీసు సర్టిఫికెట్ ప్రకారం మృతుడు యార్డు హెల్పర్. యార్డులో తీసిన దుమ్ము కొలతలు అనుమతించిన పరిమితికి లోబడే ఉన్నాయి. పైగా మృతునికి బీడీల అలవాటు ఉంది. ఆ మూడు మాటలనే పట్టుకొని దరఖాస్తు కొట్టివేశారు. అప్పీలు సంగతి వకీలు గారు చూస్తున్నారు కనుక ఆ కేసు మంచిచెడ్డల్లోకి నేను వెళ్లను. కానీ ఆ మూడు మాటలూ ఒక్కరి విషయంలో చెప్పినవి కావు. రాతినార కేసు ఎక్కడ వచ్చినా కాస్త అటూ ఇటూగా ఇవే వినబడతాయి.

ఈ జబ్బుల స్వభావంలోనే చిక్కు ఉంది. ఫ్యాక్టరీలో చెయ్యి తెగితే ఆ రోజు, ఆ యంత్రం, ఆ షిఫ్టు మేస్త్రీ అందరూ కళ్లెదుటే ఉంటారు. రాతినార విషయంలో కంటికి ఆనని సన్నని పోగులు ఊపిరితో లోపలికి పోయి అక్కడే ఉండిపోతాయి. వాటివల్ల ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్ సాధారణంగా పది ఇరవై ఏళ్లకు గాని బయటపడదు. ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటి పొరకు వచ్చే మెసోథీలియోమా అనే మరో క్యాన్సర్ బయటపడడానికి ఇరవై నుంచి నలభై ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. తెల్లది, నీలిది, గోధుమరంగుది అన్న తేడా లేకుండా అన్ని రకాల రాతినారనూ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో చేర్చింది. కాబట్టి జబ్బు ఏమిటో వైద్యులు చెప్పగలిగినా, అది ఆ పని వల్లే వచ్చిందా అన్న ప్రశ్నకు జవాబును ముప్పై నలభై ఏళ్ల కిందటి షెడ్డులో వెతకాలి. ఇప్పుడు ఆ షెడ్డు ఉండదు, యంత్రం తుక్కుకు పోయి ఉంటుంది, యజమాని మారి ఉంటాడు, పక్కన పనిచేసినవాళ్లలో సగం మంది ఉండరు. ఇంత కష్టమైన వెతుకులాటను మన దగ్గర ఒక్క సర్వీసు సర్టిఫికెట్‌తో ముగించేస్తున్నారు.

ఆ సర్టిఫికెట్‌లో ఉండేది మనిషి చివరగా చేసిన ఉద్యోగం పేరు మాత్రమే. ఆ పెద్దావిడ భర్త మంచం పక్కన మూడు మధ్యాహ్నాలు కూర్చొని నేను రాసుకున్న నోటుబుక్కు ప్రకారం, ఆయన మొదటి నాలుగేళ్లు రాతినార బస్తాలు విప్పి తొట్టిలో పోసే పనిలో ఉన్నారు. తర్వాత ఆరేళ్లు దాన్ని సిమెంటుతో కలిపే యంత్రం దగ్గర ఉన్నారు. చివరి ఎనిమిదేళ్లు మాత్రమే తయారైన రేకులను దొంతులు పేర్చే యార్డులో ఉన్నారు. ఈ తేడా ఎంతటిదో లెక్క వేసి చూపవచ్చు. ఒక మనిషి జీవితకాలంలో పీల్చిన రాతినారను కొలవడానికి వృత్తివ్యాధుల నిపుణులు పోగు-సంవత్సరం అనే కొలత వాడతారు. ఒక ఘన సెంటీమీటరు గాలిలో ఎన్ని పోగులున్నాయో ఆ సంఖ్యను, ఆ గాలిలో పనిచేసిన ఏళ్లతో హెచ్చవేస్తే వచ్చేదే అది. 25 పోగు-సంవత్సరాల మేర పీల్చినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు రెట్టింపు అవుతుందని 1997లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో సమావేశమైన నిపుణులు ఒక అంగీకారానికి వచ్చారు. జర్మనీలోనైతే వృత్తివ్యాధుల నిబంధనల్లోనే ఈ 25ను గీతగా పెట్టుకున్నారు. ముప్పు రెట్టింపు కావడమంటే, ఆ స్థాయిలో పీల్చి జబ్బుపడిన ప్రతి ఇద్దరిలో ఒకరికి ఆ పని చేయకపోతే ఆ జబ్బు వచ్చేది కాదన్నమాట. త్రాసు ముల్లు కార్మికుని వైపు మొగ్గడం అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు ఉదాహరణకు కొన్ని అంకెలు వేసుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవే తప్ప ఆ ఫ్యాక్టరీలో కొలిచినవి కావు. బస్తాలు విప్పేచోట ఘన సెంటీమీటరుకు 5 పోగులు, కలిపే యంత్రం దగ్గర 1, యార్డులో 0.3 ఉన్నాయనుకుంటే, నాలుగేళ్లకు 20, ఆరేళ్లకు 6, ఎనిమిదేళ్లకు 2.4 వస్తాయి, మొత్తం 28.4. అదే మనిషిని పద్దెనిమిదేళ్లూ యార్డు హెల్పర్‌గానే లెక్కిస్తే వచ్చేది 5.4. మనిషీ అతడే, ఫ్యాక్టరీ అదే, ఏళ్లూ అవే. సర్టిఫికెట్‌లోని ఒక్క మాట వల్ల 28 కాస్తా 5 అయిపోయింది. ఇంకొక సంగతి కూడా ఉంది. ఈ లెక్కలు మామూలుగా రోజుకు 8 గంటల పని మీద ఆధారపడతాయి. ఆ రోజుల్లో వరసగా రెండు షిఫ్టులు చేసినవాళ్లు నాకు ఎందరో తెలుసు. ఓవర్‌టైం పుస్తకాలు చూడకుండా ఏళ్లు లెక్కపెడితే పన్నెండు గంటలు చేసినవాడు పీల్చినదాంట్లో మూడోవంతు లెక్కలోకి రాదు.

ఇక కొలతల మాట. గాలిలో రాతినారను కొలవడానికి మెంబ్రేన్ ఫిల్టర్ పద్ధతి ఉంది. చిన్న పంపుతో గాలిని ఒక పల్చటి వడపోత బిళ్ల గుండా లాగి, దాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, 5 మైక్రాన్లకు మించిన పొడవు, 3 మైక్రాన్ల లోపు మందం ఉండి, పొడవు మందానికి కనీసం మూడింతలున్న పోగులను లెక్కపెడతారు. పద్ధతి మంచిదే. ఆ పంపును ఎక్కడ పెట్టారు, ఏ రోజు పెట్టారు అన్నదే అసలు ప్రశ్న. కార్మికుని చొక్కా కాలరుకు, అంటే ముక్కు దగ్గరగా, తగిలిస్తే వచ్చే అంకె వేరు. షెడ్డు మధ్యలో స్టాండు మీద పెడితే వచ్చే అంకె వేరు. యాజమాన్యం దాఖలు చేసిన కాగితాలు 1990ల మధ్యకాలంలో యార్డులో తీసిన కొలతలవి. 1980 నుంచి 1984 దాకా బస్తాల గదిలో ఉన్న గాలి గురించి అవి ఏం చెప్పగలవు? ఆ పెద్దాయన మాటల్లోనే రాస్తాను: “తనిఖీవాళ్లు వస్తున్నారంటే ముందురోజే నేలంతా నీళ్లు కొట్టించేవాళ్లండీ. ఆ పూట బస్తాలు విప్పనిచ్చేవాళ్లు కాదు.” ఇది నిజమో కాదో తేల్చడానికి దారి ఉంది. కొలత తీసిన తేదీకి ఉత్పత్తి రిజిస్టరులో ఎన్ని బస్తాలు వాడినట్టు రాశారో చూస్తే సరిపోతుంది. ఆ రిజిస్టరును తెమ్మని అడిగినవారు లేరు.

కొలతలు బొత్తిగా లేనప్పుడు ఏం చేయాలన్నదానికీ హెల్సింకీ ప్రమాణాల్లోనే జవాబుంది. రాతినార వస్తువుల తయారీ, వేడి గొట్టాలకు రాతినార చుట్టే పని, పాత కట్టడాలను కూల్చడం వంటి తీవ్రమైన పనుల్లో ఒక్క ఏడాది, నిర్మాణం, ఓడల తయారీ వంటి మధ్యస్థమైన పనుల్లో ఐదు నుంచి పదేళ్లు చేసినా ముప్పు రెట్టింపయ్యే స్థాయికి చేరవచ్చని ఆ నిపుణులు చెప్పారు. దుమ్ముకు మొదటిసారి లోనైన నాటి నుంచి కనీసం పదేళ్లు గడిచి ఉండాలన్నది వారి మరో షరతు. మెసోథీలియోమా విషయంలో కొద్దికాలం, కొద్దిపాటి దుమ్ము పీల్చిన దాఖలా ఉన్నా దాన్ని వృత్తివ్యాధిగానే చూడాలన్నారు. అంటే ఏ పని, ఎక్కడ, ఎన్నేళ్లు అన్న చరిత్ర ముందు. అంకె ఆ తర్వాత.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే ఇది వైద్య నివేదికల్లో తరచుగా ఎదురవుతుంది. ఊపిరితిత్తి ముక్కలో రాతినార పోగులు గాని, ఆస్బెస్టాస్ బాడీలు, అంటే ఒంట్లోని ఇనుము పూతలా పట్టిన పోగులు గాని కనబడలేదు కాబట్టి ఈ జబ్బుకు పనితో సంబంధం లేదని రాస్తారు. మన దేశంలో ఇంతకాలంగా ఎక్కువగా వాడుతున్నది తెల్ల రాతినార, అంటే క్రైసోటైల్. ఇది నీలి, గోధుమ రకాలంత కాలం ఊపిరితిత్తుల్లో నిలవదు. విరిగి, కరిగి, కొంత బయటికి పోతుంది, చేయవలసిన హాని మాత్రం చేసే పోతుంది. అందుకే తెల్ల రాతినార విషయంలో ఊపిరితిత్తిలో మిగిలిన పోగుల లెక్క కంటే మనిషి పని చరిత్రే నమ్మదగిన ఆధారమని అదే హెల్సింకీ పత్రం చెబుతోంది. పని మానేసిన ఇరవై ఏళ్లకు తీసిన ముక్కలో తెల్ల పోగులు కనబడలేదన్నది కార్మికునికి వ్యతిరేకంగా సాక్ష్యం కాజాలదు.

బీడీల విషయానికి వస్తే, గుంటూరు పొగాకు చుట్టూ తిరిగిన మన ప్రాంతంలో ఆ తరం మగవాళ్లలో పొగ తాగనివారిని వెతికి పట్టుకోవాలి. బీడీ తాగాడు గనుక క్యాన్సర్ దానివల్లే అనడం వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ అమెరికాలో రాతినార చుట్టే పనివాళ్ల మీద జరిగి 1979లో ప్రచురితమైన ప్రసిద్ధ అధ్యయనం చెప్పింది వేరు. పొగా రాతినారా రెండూ ఎరుగనివారితో పోలిస్తే, రాతినార ఒక్కదానికే లోనైనవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు దాదాపు 5 రెట్లు, పొగ ఒక్కటే తాగినవారిలో దాదాపు 11 రెట్లు, రెండూ కలిసినవారిలో 50 రెట్లకు పైగా ఉన్నాయి. రెండు కారణాలు ఒకదాన్నొకటి పెంచుకుంటున్నాయి. బీడీ తాగే మనిషిని రాతినార గదిలో పెట్టిన యజమాని, బీడీని చూపించి తన వంతు బాధ్యత తగ్గిందనడం ఏ లెక్క ప్రకారమో నాకు అర్థం కాదు. ఆస్బెస్టోసిస్‌కు, మెసోథీలియోమాకు పొగాకు కారణమే కాదు. అయినా ఆ కేసుల్లోనూ దరఖాస్తుదారు అలవాట్లు అనే గడి నింపించి దాని కింద గీత గీస్తారు.

పని చరిత్ర రాబట్టడం ఒక విద్య. నేను చదివి నేర్చుకున్నది కాదు గాని, వందల మంది దగ్గర కూర్చొని తప్పులు చేస్తూ తెలుసుకున్నాను. “మీరు పనిచేసేచోట దుమ్ము ఎక్కువగా ఉండేదా?” అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు, ఆ అవునుకు విలువ లేదు. “బస్తా ఎలా విప్పేవారు, కొడవలితోనా, చేత్తోనా? అది గోనె బస్తానా, ప్లాస్టిక్ బస్తానా? ఎత్తి తొట్టిలో పోసేవారా, పారతోనా? ఖాళీ బస్తాను దులిపేవారా, మడిచేవారా, ఇంటికి తెచ్చుకునేవారా? నేల ఊడ్చేది తడిపా, పొడిగానా? ఊడ్చింది ఎవరు? మూతికి ఏం కట్టుకునేవారు? అన్నం ఎక్కడ తినేవారు? కిటికీలు ఏ దిక్కున ఉండేవి?” అని అడగాలి. అబద్ధం చెప్పేవాడికి ఇలాంటి ప్రశ్నలకు అల్లిక దొరకదు. నిజం చెప్పేవాడు మాత్రం ముప్పై ఏళ్ల తర్వాత కూడా తడుముకోకుండా చెబుతాడు. ఆ పెద్దాయన చేత షెడ్డు పటం గీయించాను. చేతులు వణుకుతున్నా తొట్టి ఎక్కడుందో, గాలి లాగే ఫ్యాను చెడిపోయి ఎన్నాళ్లు ఆగిపోయిందో, పక్కన ఎవరెవరు నిలబడేవారో పదకొండు మంది పేర్లతో సహా రాయించారు. వారిలో నలుగురు బతికి ఉన్నారని తెలిసింది. ఇద్దరిని కలిశాను. ఒకరికొకరు మాట్లాడుకునే వీలు లేకుండా విడివిడిగా అడిగితే, తొట్టి ఎక్కడుందన్న విషయంలో ముగ్గురి పటాలూ ఒక్కటే చూపాయి. ఫ్యాను సంగతిలో మాత్రం ఒకరు ఏడాది అన్నారు, ఇంకొకరు రెండేళ్లు అన్నారు. అలాంటి తేడా ఉండడమే సహజం. ముగ్గురూ అక్షరం తేడా లేకుండా చెబితే నేనైతే అనుమానించేవాణ్ణి.

ఆయన భార్య చెప్పిన సంగతి ఒకటి ఆ నోటుబుక్కులో వేరే సిరాతో ఉంది. “రోజూ ఆయన నిక్కరూ చొక్కా ముందు వాకిట్లో దులిపి తర్వాతే నానబెట్టేదాన్ని అన్నయ్యగారూ. పిండిమరలోంచి వచ్చినట్టు వచ్చేవారు” అన్నారు. పనికి వెళ్లని భార్య ఆ దుమ్ముకు తానే జబ్బుపడినా పరిహార చట్టం ఆవిడకు ఏమీ ఇవ్వదు. అయినా ఆయన గది ఎలాంటిదో చెప్పడానికి ఆవిడ వాకిలి కంటే మంచి సాక్ష్యం ఏముంటుంది? విచారణలో ఆ నోటుబుక్కును దరఖాస్తుదారు తరఫువారు తయారుచేసుకున్న కాగితంగా పక్కన పెట్టారు. యాజమాన్యం తానే తయారుచేసుకున్న సర్వీసు సర్టిఫికెట్‌కు అలాంటి అభ్యంతరం రాలేదు.

పాతకాలపు కాగితాలు లేకపోవడం ఎవరి తప్పు అన్నది సుప్రీంకోర్టు 30 ఏళ్ల కిందటే తేల్చింది. రాతినార కార్మికుల విషయమై కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన వ్యాజ్యంలో 1995 జనవరి 27న వెలువడిన ఆ తీర్పును రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి గారు. కార్మికుని ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని అందులో చెప్పారు. ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డునూ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా మానేసిన తర్వాత 15 ఏళ్లు, ఏది తర్వాత ముగిస్తే అంతవరకు భద్రపరచాలని ఆదేశించారు. దుమ్మును మెంబ్రేన్ ఫిల్టర్ పద్ధతిలో కొలవాలన్నారు. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరీక్షలో జబ్బు తేలినవారికి ఒక్కొక్కరికి లక్ష రూపాయలు ఇవ్వాలన్నారు. ఆ పెద్దావిడ భర్త 1980లో చేరారు కాబట్టి ఆయన రికార్డు 2020 దాకా ఉండితీరాలి. మేము 2019లోనే రాతపూర్వకంగా అడిగాం. అందుబాటులో లేవని ఒక వాక్యం జవాబు వచ్చింది. పోనీ, జబ్బు రెండేళ్లు ఆలస్యంగా బయటపడి ఉంటే అప్పుడు ఆ జవాబు చట్టం ప్రకారం కూడా సరైనదే అయ్యేదని తలచుకుంటే, జబ్బు దాగి ఉండే కాలంతో చూస్తే ఆ 40 ఏళ్లు కూడా చాలవనిపిస్తుంది. ఏమైనా, ఉంచవలసిన కాగితాన్ని ఉంచనివారు ఆ కాగితం లేదన్న కారణంగానే గెలవడం న్యాయం కాదు.

చట్టం నిజానికి కార్మికుని పక్షానే ఉంది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడవ షెడ్యూలులో ఆస్బెస్టోసిస్, రాతినార వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథీలియోమా ఉండేవి. ఆ జబ్బుకు సంబంధించిన పనిలో నిర్ణీతకాలం చేశాడని చూపితే చాలు, కాదని రుజువయ్యేదాకా జబ్బు పనివల్లే వచ్చిందని భావించాలని 3వ సెక్షన్ చెప్పేది. ఆ చట్టాన్ని తనలో కలుపుకున్న 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ వృత్తివ్యాధుల షెడ్యూలు ఉంది. మరి రుజువు భారం యాజమాన్యం మీద ఉండవలసినచోట, ఎంత పీల్చాడో అంకెతో సహా చూపమని విధవరాలిని అడగడం ఎలా వచ్చింది?

అయితే అదే పాత చట్టంలోని 10వ సెక్షన్‌లో ఒక ముడి ఉండేది. పని మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు కనబడితే, అవి మొదట కనబడిన రోజునే ప్రమాదం జరిగిన రోజుగా తీసుకోవాలని అందులో ఉండేది. రెండేళ్లలోపు! ఈయన 1998లో మానేశారు. ఆ లెక్కన 2000 నాటికి దగ్గు రావాలి. రంగు వేసేవారి చర్మవ్యాధికి ఆ గడువు సరిపోతుందేమో గాని, ఇరవై ఏళ్లు దాగి ఉండే జబ్బుకు అది వర్తించదని చెప్పడానికి వైద్యుడు కానక్కరలేదు. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం పరిహార కమిషనర్‌కు ఉండేది కనుక చాలా కేసులు ఆ సందులోంచి నడిచాయి. దయాదాక్షిణ్యాల మీద కాక, జబ్బు నిర్ధారణ అయిన తేదీ నుంచే గడువు లెక్కించేలా నియమం స్పష్టంగా ఉండాలి.

వైద్యుల వంతు గురించి క్లుప్తంగా చెబుతాను. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఆస్బెస్టోసిస్ తప్పనిసరిగా తెలియపరచవలసిన జబ్బుగా ఉండేది. ఫ్యాక్టరీలో పనిచేస్తున్న, లేదా గతంలో పనిచేసిన మనిషిలో దాన్ని అనుమానించిన వైద్యుడు ప్రధాన ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 89వ సెక్షన్ చెప్పేది. గుంటూరులోనైనా బెజవాడలోనైనా ఓపీ చీటీ మీద వృత్తి అన్నచోట కూలీ అనో, రిటైర్డ్ అనో రాసి వదిలేస్తే ఆ అనుమానం పుట్టేదెక్కడ? “ఇప్పుడేం చేస్తున్నావు?” అని కాకుండా “ముందు ఏమేం పనులు చేశావు?” అని అడిగితే, టీబీ మందులతో గడిచిపోయిన ఆ ఆరు నెలలు మిగిలేవి.

ఫ్యాక్టరీ కార్మికునికి కనీసం పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు ఉంటాయి. ఏ సంస్థలో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అన్నది అక్కడ దొరుకుతుంది. ఆటోనగర్‌లో పాత లారీల బ్రేక్ డ్రమ్ములు విప్పి, కంప్రెసర్‌తో గాలి కొట్టి, లైనర్లు రాచి, రివిట్లు కొట్టినవారికి అదీ లేదు. ఆ లైనర్లలో రాతినార వాడిన కాలంలో ఆ నల్లటి పొడిలో ఏముందో వాళ్లకు చెప్పినవారు లేరు. పన్నెండేళ్ల వయసులో చేరి నాలుగు షెడ్లు మారిన మెకానిక్‌కు యజమాని అంటే ఒక ‘గురువుగారు’, జీతం అంటే శనివారం చేతిలో పెట్టే నోట్లు. సిమెంట్ రేకులను కటింగ్ మిషన్‌తో కోసే తాపీ కూలీలదీ అదే పరిస్థితి. నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి కార్డులో ఏడాదికి 90 రోజులు పనిచేసినట్టు ఉంటుంది గాని, ఏం కోశారో ఉండదు. వీళ్ల విషయంలో పని చరిత్ర తప్ప వేరే ఆధారం ఎన్నటికీ రాదు.

అబద్ధపు దరఖాస్తులు ఉండవా అంటే ఉంటాయి. ఊరికే దగ్గు వచ్చినవారికి నేర్పించి తెచ్చిన వాంగ్మూలాలను నేను చూశాను, ఒకటి రెండింటిని రాయనని వెనక్కి పంపి మాట పడ్డాను కూడా. ఆ భయానికి మందు పద్ధతి ప్రకారం అడగడమే. అందరినీ ఒకే గాటన కొట్టివేయడం కాదు. జర్మనీలో వెనకటి దశాబ్దాల కొలతలను పనుల వారీగా, కాలాల వారీగా పట్టికలు కట్టి పెట్టుకున్నారు. దరఖాస్తుదారు ఏ పని ఎన్నేళ్లు చేశాడో నిర్ధారించుకుని ఆ పట్టికతో హెచ్చవేస్తారు. ఫ్రాన్స్‌లో రాతినార బాధితులకు ప్రత్యేక నిధే ఉంది. మనం వాళ్ల అంకెలను ఎత్తి మన షెడ్లకు అతికిస్తే సరిపోదు. చేత్తో బస్తా చించిన గదికి, యంత్రం చించిన గదికి పోలిక ఉండదు. రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ దగ్గరున్న పాత తనిఖీ నివేదికలు, అహ్మదాబాదు సంస్థ వెనక చేసిన సర్వేలు, బతికి ఉన్న కార్మికుల వాంగ్మూలాలు కలిపి మన పట్టిక మనమే తయారుచేసుకోవచ్చు. కార్మిక శాఖ పరిహారపు దరఖాస్తుకు నాలుగు పేజీల పని చరిత్ర పత్రాన్ని జతచేసి, దాన్ని శిక్షణ పొందిన ఒకరు రోగి బతికుండగానే ఇంటికి వెళ్లి రాసుకునేలా ఏర్పాటు చేస్తే, ఆ మీదట వచ్చే విచారణ సగం తేలికవుతుంది. మంగళగిరిలో ఎయిమ్స్, గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉన్న మన దగ్గర ఆ శిక్షణ ఇవ్వగల వైద్యులకు కొదవ ఉండదు.

దీనికి బడ్జెట్, ఉత్తర్వు, కాలం కావాలి. అంతకంటే ముందు, రేపే చేయగలిగిన పని ఒకటుంది. ఆ పెద్దాయన పనిచేసిన ఫ్యాక్టరీలో మస్టరు పుస్తకాలు, స్టోరు రిజిస్టర్లు ఏమయ్యాయని అక్కడ పనిచేసి రిటైరైన ఒక గుమస్తా గారిని అడిగాను. యాజమాన్యం మారినప్పుడు రెండు వ్యాన్ల నిండా పాత కాగితాలు తూకానికి వేశారని, కిలో ఎంతకు పోయిందో కూడా తనకు గుర్తుందని చెప్పారు. మూతపడబోతున్న, చేతులు మారుతున్న రాతినార పరిశ్రమల రిజిస్టర్లను అమ్మనీయకుండా స్వాధీనం చేసుకొని భద్రపరచాలని ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల కలెక్టర్లు ఒక ఆదేశం జారీ చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
కార్మిక సంఘ విశ్రాంత కార్యకర్త,
సత్యనారాయణపురం, విజయవాడ